ఆపకూడని స్విచ్చు

ఇళ్ళల్లో అక్వేరియంలు శుభ్రం చేయడం ఆమె పని. బకెట్టు, గొట్టం, స్పాంజి, ఒక సంచీ నిండా సామాను పట్టుకుని రోజుకు అయిదారు గడపలు తొక్కుతుంది. అందరూ ఆమెను చేపలక్క అంటారు. ఆ పేరు విన్న కొత్తవాళ్ళు ఫోన్ చేసి కిలో ఎంత అని అడుగుతారు. అమ్మేదాన్ని కాదు మహాప్రభో అని పదిహేనేళ్ళుగా చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది.

అంతకన్నా పెద్ద తలనొప్పి ఎల్ఈడీ యూవీ దీపం. అరచేతిలో పట్టే నల్లడబ్బా అది. పంపు తోసిన నీరు అందులోంచి పోతుంటే లోపలి కిరణాలు నీళ్ళలో తేలే పచ్చటి నాచునీ క్రిములనీ చంపుతాయి. ఆ కిరణాలు కళ్ళకు మంచివి కావు గనక వెలుగు బయటికి రాదు. జనానికి అదే మింగుడు పడదు. వెలగని దీపానికి కరెంటు దండగ అని ఒకాయన ఆపేశాడు. ఒక లెక్చరరు, చదువుకున్న మనిషే, లోపల వెలుగుతోందో లేదో చూద్దామని స్క్రూలు విప్పబోయాడు. ఇంకొకావిడ మిక్సీ కోసం దాని ప్లగ్గు పీకేసి, మళ్ళీ పెట్టడం మరిచి, నీళ్ళు పచ్చబడ్డాయేమిటని చేపలక్క మీదికే లేచింది.

చివరికి ఆమెకు చిర్రెత్తింది. ఎర్ర టేపు కొని, ప్రతి ఇంట్లో ఆ దీపం స్విచ్చు మీద అడ్డంగా అంటించి, నల్ల మార్కరుతో రాసింది: ‘ఏం జరిగినా ఇది ఆపకండి. ఆపితే నన్ను పిలవకండి.’ రాసినంతసేపూ ప్రాణానికి హాయిగా ఉంది. వారం తిరక్కుండా సగం ఇళ్ళల్లో ఆ టేపు పీకేశారు.

పీకని ఇళ్ళలో ఒకటి మూడో అంతస్తులో ఉంది. ముందుగదిలో గోడ పొడవునా గాజుతొట్టి, దాని ముందు కుర్చీలో ఆ ఇంటి పెద్దాయన. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన దగ్గర్నుంచి ఆయన ఆ చేపలనే చూస్తూ కూర్చుంటాడు. ఆయన్నీ చేపల్నీ కనిపెట్టుకుని ఉండేది కోడలు. కొడుకుది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అజమాయిషీ అంతా ఫోన్లోనే.

ఒక సోమవారం ఆ కోడలు ఫోన్ చేసింది.

“అక్కా, చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వచ్చాయి.”

చేపలక్క అప్పుడు వేరే ఇంట్లో మోచేతి దాకా నీళ్ళలో ఉంది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మందు పేరు చెప్పింది. రోజుకు ఇన్ని చుక్కలు వెయ్యి, శుక్రవారం వస్తానంది.

శుక్రవారం వెళ్ళేసరికి రెండు చేపలు పోయాయి. మిగిలిన అయిదూ మూలకు చేరి రొప్పుతున్నాయి. పెద్దాయన కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది. చూడలేక ఆయనే సైగ చేసి తిప్పించుకున్నాడట.

చేపలక్కకు ఒళ్ళు మండింది. “మందు సరిగ్గా వేశావా, మొక్కుబడిగా రెండు చుక్కలు పడేసి ఊరుకున్నావా?”

కోడలు కేలండరు తెచ్చి చూపించింది. ఏ రోజు, ఏ గంటకు, ఎన్ని చుక్కలు వేసిందో రాసి ఉంది. ఒక్క చుక్క తేడా లేదు.

“మా ఆయనా అదే అంటున్నారు, నేను సరిగ్గా వెయ్యలేదని. రోజుకు నాలుగుసార్లు ఫోన్. ‘నాన్నకు ఉన్నది ఆ ఒక్క సరదా, దాన్ని కూడా నీ చేతుల్తో పాడుచేశావు’ అంటున్నారు. నేనేం తక్కువ చేశానో మీరైనా చెప్పండక్కా.”

చెబుదామనే ఆమె తొట్టి వెనక్కి వంగింది. పంపు చప్పుడు చేస్తోంది. నల్లడబ్బా వెచ్చగా ఉంది.

“ఇదేంటి, ఇది నడుస్తోంది? మందు వేసినన్నాళ్ళూ దీన్ని ఆపాలి కదమ్మా! నువ్వు ఇటు వేస్తుంటే ఆ కిరణాలు అటు మందు బలం తీసేస్తూ ఉంటాయి. నాలుగు రోజులూ ఉత్త నీళ్ళు పోసినట్టే!”

కోడలు నిర్ఘాంతపోయి స్విచ్చు వైపు చూపించింది. ఎర్ర టేపు అంటించింది అంటించినట్టే ఉంది.

“ఏం జరిగినా ఆపొద్దని మీరే రాశారు. కరెంటు పోయినా ఆగకూడదని ఇన్వర్టరుకి కలిపించాను. మామయ్యకు ఫ్యాను ఆపి మరీ దీన్ని నడిపించానక్కా.”

ఇన్నేళ్ళలో చేపలక్క మాటను అక్షరాలా పాటించిన ఇల్లు ఇదొక్కటే, ఆమె ముంచింది కూడా దీన్నే. ఊరందర్నీ తిట్టే నోరు ఆ సోమవారం ‘దీపం ఆపు’ అన్న చిన్న ముక్క అనలేకపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది. మందు నకిలీదని అనేస్తే గండం గడుస్తుంది, నింద దుకాణంవాడి మీదికి పోతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

ఆమె టేపు పీకి స్విచ్చు ఆపింది. మూడోవంతు నీళ్ళు మార్చి, మందు మళ్ళీ మొదటి నుంచి వేసింది. చేతులు తుడుచుకున్నాక అంది, “తప్పు నీది కాదమ్మా. నాది. ఫోన్లో చెప్పడం మరిచిపోయాను.”

కోడలు కోప్పడలేదు. కోప్పడినా బాగుండుననిపించింది చేపలక్కకు.

“మిగతావి బతుకుతాయా?”

“మూడు బతకొచ్చు. అయిదింటికీ మాట ఇవ్వలేను.”

కోడలు ఫోన్ తీసి, భర్త నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఆమె చేతికి ఇచ్చింది. “నాకు చెప్పింది చాలక్కా. ఆయనకు చెప్పండి.”

అవతల ఫోన్ ఎత్తీ ఎత్తగానే గొంతు లేచింది. “ఇంకోటి పోయిందా? ఈసారి ఏం చేశావ్?”

కిటికీ దగ్గర పెద్దాయన మెల్లగా తల ఇటు తిప్పాడు.

“చేసింది ఆవిడ కాదు బాబూ, నేను,” అంది చేపలక్క. “నాలుగు రోజులుగా ఆవిణ్ణి తిట్టిన తిట్లన్నీ మళ్ళీ మొదటి నుంచి తిట్టండి. వింటాను.”