లచ్చవ్వ వేలి సిరా

మా వీధిలో ఆడవాళ్లెవరు పోయినా చివరి స్నానం కనకవ్వే చేయించేది. పసుపు రాసి, నీళ్లు పోసి, శవం చెవి దగ్గరకు వంగి, "నీ ముచ్చట నా కడుపులనే ఉంటది, ఫికర్ జేయకు" అనేది. ఒంటి మీద ఏ వాత కనబడినా, ఏ దెబ్బ కనబడినా బయట నోరు విప్పేది కాదు. ఆ గుట్టు చూస్తే నాకు ఒళ్లు మండేది.

మొన్నటి సర్పంచ్ ఎన్నికల్లో భానుప్రసాద్ ఒక్క ఓటుతో రోజారాణి మీద గెలిచాడు. మళ్లీ లెక్కపెట్టినా అదే ఒక్క ఓటు. ఆ సాయంత్రమే అతని తల్లి లచ్చవ్వ పోయిందన్నారు. సంబురం తట్టుకోలేక గుండె ఆగిందట. ఊరంతా నమ్మి కళ్లు తుడుచుకుంది.

కనకవ్వ నీళ్లు పోయబోతే లచ్చవ్వ మోకాళ్లు కుర్చీలో కూర్చున్నట్టే బిగుసుకుపోయి ఉన్నాయి. వేలికి ఓటు సిరా. పొద్దున ఓట్ల వరుసలో కనకవ్వ ఆమె వెనకే నిలబడింది. లచ్చవ్వను శాలువా కప్పి కుర్చీలో మోసుకొచ్చారు. ముసలామెకు చూపానదని ఓటు కొడుకే వేశాడు. "బాగున్నవా అక్కా" అంటూ చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది, జవాబు రాలేదు. చలికాలం కదా అనుకుంది. తను పలకరించింది శవాన్నని ఇప్పుడు తెలిసింది. అయినా చెవిలో ఎప్పటి మాటే చెప్పింది.

రోజారాణి కోర్టుకెక్కింది. అక్కడ లెక్కించినా అదే ఒక్క ఓటు. ఈలోగా కుర్చీ మోసినవాడొకడు తాగి వాగడంతో, వకీలు కనకవ్వను సాక్ష్యానికి పిలిపించాడు.

"చెప్తే ఇగ నన్నెవ్వరు పిలువరు బిడ్డా," అంది నాతో. "చెప్పకుంటే లచ్చవ్వ ఊకుంటలేదు. కండ్లు మూస్తే చాలు, గా ఓటు నేనెయ్యలే అంటది."

చివరికి చెప్పింది. ఎన్నిక రద్దయింది. ఆ తీర్పును ఇప్పుడు వకీళ్లు వేరే కేసుల్లో చూపిస్తున్నారట. మా వీధి మాత్రం కనకవ్వను వెలేసినంత పని చేసింది. మా వీధి చివరి చంద్రవ్వ పోతే నీళ్లు పోయడానికి పక్కూరి మనిషిని తెచ్చుకున్నారు. ఆ రోజు కనకవ్వ గడపలో కూర్చుని ఏడ్చింది.

మళ్లీ పోలింగ్ రోజు ఇద్దరం కలిసే వెళ్లాం. వరుసలో ఆమె ముందు ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగానే ఉండిపోయింది. వెనకనుంచి ఎంత తోసినా అందులోకి ఎవరూ జరగలేదు.

లోపల ఆఫీసరు ఆమె వేలు పట్టుకుని, "పొద్దుగాలనే ఏసి పోయినవ్ గదమ్మా, మళ్ల వచ్చినవేంది?" అన్నాడు. వేలి మీద సిరా ఇంకా తడిగా ఉంది. ఆమె నన్ను విడిచి ఎక్కడికీ పోలేదని నేను గొడవకు దిగబోతే కనకవ్వే ఆపింది.

"ఉండు బిడ్డా. లచ్చవ్వ ఓటు ఆమెనే ఏసుకున్నది, నా వేలితోని."

గడప దాటుతూ పక్కకు ఒదిగి, "బాగున్నవా అక్కా" అంది. అక్కడెవరూ లేరు. కాసేపు చెవి ఒగ్గి విని, చాలా రోజుల తర్వాత నవ్వింది.

"నేను గూడ బాగనే ఉన్న," అంది.