నఫీసా నెట్ సెంటర్‌లో బోణీ బేరం

ఆటోనగర్‌లో మా సీటు కవర్ల షాపు పక్కనే నఫీసా నెట్ సెంటర్ ఉండేది. తొంభై ఆరులో భర్త పోయాక ఆమె అక్కడ ఎస్టీడీ బూత్ పెట్టింది. తర్వాత ఫ్యాక్స్, ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మా వాళ్లెవరూ వాటిని ముట్టుకునేవారు కాదు. గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి, పాస్‌వర్డు పైకి చెప్పేవారు, ఆమె కొట్టేది. వీధిలో సగం మంది పాస్‌వర్డులు నాకే నోటికొచ్చంటే చూసుకోండి. అదేం అమాయకత్వమో గానీ, ఎవరికీ తప్పనిపించలేదు. అంత నమ్మకం ఆమె మీద.

మోసగాళ్లను పసిగట్టడంలో ఆమెకు ఆమే సాటి. దేశం కాని దేశం నుంచి ఎవరో మంత్రి భార్యనంటూ, తన సొమ్ములో వాటా ఇస్తానని ఫ్యాక్స్ పంపితే, అందరికీ చదివి వినిపించి చించేసింది. మెయిళ్లు వచ్చాక లాటరీలు మొదలయ్యాయి. "టికెట్టే కొనందే లాటరీ ఎట్లా తగిలింది బాబాయ్?" అని నవ్వుతూ చెరిపేసేది.

రెండు వేల ఏడు వేసవిలో ఒక ఉదయం ఆమె షట్టరు ఎత్తీ ఎత్తగానే లారీ బాడీలు కట్టే హనుమయ్య వచ్చాడు. కంకిపాడులో పొలం అమ్మి, షెడ్డు స్థలం కోసం ఆ డబ్బంతా బ్యాంకులో వేసుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఆ రోజే. మెయిల్ తెరిస్తే బ్యాంకు పేరుతో ఒక హెచ్చరిక ఉంది. వెంటనే వివరాలు నింపకపోతే ఖాతా నిలిపేస్తారట. అదే గుర్తు, అదే రంగు.

"ఎందుకో తేడాగా ఉంది బాబాయ్. బ్యాంకు తెరిచాక అడిగొద్దాం," అంది నఫీసా.

"ఈలోగా ఆపేస్తే నా గతేంటమ్మా? బోణీ బేరం, కాదనకు తల్లీ!"

అక్కడే దెబ్బ తింది. మా దగ్గర పొద్దున్నే వచ్చిన మొదటి మనిషిని వెనక్కి పంపరు. పంపితే రోజంతా గల్లా ఖాళీయేనని భయం. బోణీ కోసం నేను నష్టానికి అమ్మిన కవర్లకు లెక్కే లేదు. ఆమె కాదనలేక మెయిల్లోని లింకు నొక్కి, వచ్చిన పేజీలో పాస్‌వర్డు కొట్టేసింది.

ఖాతా మాత్రం రాలేదు, బ్యాంకు మొదటి పేజీ మామూలుగా తెరుచుకుంది. ఆమెకు అనుమానమొచ్చి వెనక్కి వెళ్లి, ఇందాక నింపిన పేజీ చూసింది. పైన చిరునామాలో బ్యాంకు పేరే లేదు. అసలు ఖాతా తెరవబోతే పాస్‌వర్డు తప్పంది. అప్పటికే ఎవరో మార్చేశారు.

"అన్నా, ఆటో!" అని ఆమె అరిచిన అరుపుకి నేను కత్తెర పడేసి పరుగెత్తాను. ముగ్గురం ఎక్కాం. పటమట రోడ్డంతా లారీలే. బ్యాంకు ఫోను ఎంతకీ కలవదు. హనుమయ్య "నా పొలం, నా పొలం" అని గొణుగుతున్నాడు. ఇన్నాళ్లూ దొంగలు ఆశ చూపించారు, ఆమె నవ్వి పారేసింది. ఈసారి భయపెట్టారు. భయపడ్డవాణ్ని చూసి నవ్వడం ఆమెకు చేతకాలేదు.

బ్యాంకు ఇంకా తెరవలేదు. మేం షట్టరు బాదితే మేనేజరు ఛాయాదేవిగారు తీయించి, మాట వింటూనే కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"డబ్బు మొత్తం వేరే ఖాతాకి పంపమని ఆర్డరు పడిందండీ. ఇంకాసేపట్లో వెళ్లిపోయేదే. ఆపేశాను," అన్నారు. తర్వాత తలెత్తి, "ఇంతకీ ఈయన పాస్‌వర్డు కొట్టిందెవరు?" అని అడిగారు.

"నేనేనండీ," అంది నఫీసా. వద్దని ముందే చెప్పానని అనలేదు. తనే పట్టుబట్టానని హనుమయ్యా ఒప్పుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

వారం తర్వాత హనుమయ్య మళ్లీ నెట్ సెంటర్‌కి వచ్చాడు. పాతగుడ్డతో చేతులు తుడుచుకుని, తనే కుర్చీలో కూర్చున్నాడు.

"కాస్త అటు తిరుగమ్మా," అన్నాడు.

నఫీసా గోడ వైపు తిరిగింది. అతను ఒక్కవేలితో ఒక్కో అక్షరం వెతుక్కున్నంతసేపూ అట్లాగే నిలబడింది.