ఆఫీసరుగారు రేపు వస్తారు

కొత్తగా టీచరుద్యోగం వచ్చి, మండపేట దగ్గర ఓ పల్లెటూరి బళ్ళో చేరిన రోజులవి. తొంభైల చివర. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, ఒంటినిండా కోపం. బడికున్న రెండు గదుల్లో ఒకటి రేకుల గది. తుఫానుకి తాటాకు కప్పు ఎగిరిపోతే ప్రభుత్వం డబ్బిచ్చి వేయించిన రేకులు. ఈసారి గాలికి ఎగరకూడదని గట్టిగా బిగించారు గానీ, వాటికింద పిల్లలు కూర్చుంటారన్న సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు. ఏప్రిల్ వచ్చిందంటే, ఒంటిపూట బడే అయినా, పది దాటేసరికి ఆ గది అట్లపెనం. రెండో తరగతిలో ఒక పిల్లకి పదకొండయ్యేసరికి ముక్కులోంచి రక్తం కారేది. నా చీర కొంగులకి ఆ మరకలు పోనేలేదు. డాక్టరుగారు "వేడి, అంతే. చల్లగా ఉంచండి" అన్నారు. ఎక్కడ ఉంచను, నా నెత్తిమీదా?

రేకులకింద సీలింగు వేయించండి మహాప్రభో అని అర్జీ పెట్టాను. తుఫానుకీ వరదకీ డబ్బుంది గానీ, ఎండకి పద్దు లేదన్నారు. మళ్ళీ పెట్టాను. మూడో అర్జీకి వాళ్ళే విసిగిపోయి, ఇంజనీరుగారు చూడ్డానికి వస్తున్నారని కబురు పంపారు. నా కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆ ఊపులో పప్పులో కాలేశాను. కబురు ఊళ్ళో చెప్పాను.

"మనూరొచ్చినాయనకి చెమట పడితే ఊరి పరువేం కానండీ!" అన్నారు ఊరి పెద్దాయన. ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు ఆయనదే. ముక్కులోంచి రక్తం కారే ఆ పిల్ల ఆయన మనవరాలే. తెల్లారేసరికి రేకులమీద వరిగడ్డి పరిచి, రెండు ట్యాంకర్ల కాలువనీళ్ళు కొట్టారు. కిటికీలకి తడి గోనెలు, గుమ్మం ముందు కొబ్బరాకుల పందిరి, టెంటుహౌసు నుంచి పెళ్ళిళ్ళ ఫ్యాను. పనసపొట్టు కూర, పులిహోర. ఆత్రేయపురం మనిషిని పంపి మరీ పూతరేకులు. ఇదంతా చూస్తూ నేనేం చేశానంటారా? మా ఇంటి కూజా కడిగి, వట్టివేళ్ళు వేసి మంచినీళ్ళు పెట్టాను. గోదావరి నీళ్ళు తాగిన పాపం ఊరికే పోతుందా!

ఇంజనీరుగారు పదకొండింటికి వచ్చారు. పిల్లల మధ్య కుర్చీలో కూర్చుని, చుట్టూ చూసి "ఆహా" అన్నారు. భోంచేశారు. అక్కడే బెంచీమీద ఒరిగి గుర్రు పెట్టారు. రెండింటికి లేచి, "మా ఆఫీసు కంటే మీ గదే హాయిగా ఉందండి మేడమ్" అన్నారు. ఆ మాటే కాగితంమీద రాసేసి, పూతరేకుల పొట్లంతో జీపెక్కారు.

జీపు మలుపు తిరిగాక హెడ్మాస్టారూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. కడుపులు పట్టుకుని నవ్వాం. నవ్వీ నవ్వీ నాకు ఏడుపొచ్చింది. అప్పుడే పూతరేకుల కోసం ఆగిపోయిన ఆ పిల్ల నా కొంగు లాగింది.

"టీచరుగారండీ, ఆయన రేపు కూడా వత్తారాండీ?"

"ఎందుకే?"

"ఇయ్యాల నాకు రక్తం రాలేదండి."

తిన్నగా పెద్దాయన ఇంటికెళ్ళి, కళ్ళార్పకుండా అబద్ధమాడాను. "రేపు పైఆఫీసరుగారు వస్తారటండి."

"ఆయ్," అని మళ్ళీ గడ్డి తడిపారు. ఎవరూ రాలేదు. "రేపు తప్పకుండా వస్తారటండి." మళ్ళీ తడిపారు. అలా పది రోజులు. పిల్లలు గొంతెత్తి ఎక్కాలు చదివారు. నా కొంగుకి ఒక్క కొత్త మరక పడలేదు. అబద్ధమాడి ఇంత సుఖపడొచ్చని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

పదకొండో రోజు పొద్దున్నే పెద్దాయన ఖాళీ ట్యాంకరుతో వచ్చారు.

"కాలువకి నీళ్ళు కట్టేశారండి. చెరువు నీళ్ళు పశువులకే చాలట్లేదు." కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఆఫీసరుగారు రారని నాకు మూడోనాడే తెల్సండి."

"మరెందుకు తడిపారండీ?"

"మనవరాల్ని చూత్తన్నాను కదండీ. వచ్చినోళ్ళకి చేత్తాం గానీ, ఇంట్లో పిల్లకి చెయ్యాలని తట్టలేదండి."

ఆయన తల దించుకున్నారు. నేనూ దించుకున్నాను. పైవాళ్ళకి మూడు అర్జీలు పెట్టాను గానీ, ఊళ్ళో ఒక్కరినీ నోరు తెరిచి అడగలేదు.

ఆ రోజు పదకొండింటికి పిల్ల ముక్కు పట్టుకుంది. దానికి నా కొంగిచ్చి, రెండో చేత్తో నాలుగో అర్జీ రాశాను. "అయ్యా, కాలువలో నీళ్ళున్నన్నాళ్ళు ఈ ఊరు తనకు చేతనైనది చేసింది. ఇప్పుడు నీళ్ళు లేవు. ఇక మీ వంతు. దయచేసి పన్నెండు గంటలకు రండి. ఈసారి ఏ మర్యాదలూ చేయము."

హెడ్మాస్టారు సంతకం పెట్టబోతూ ఆగిపోయారు. "అంతదూరం నుంచొచ్చినాయనకి గ్లాసుడు మజ్జిగైనా ఇవ్వకపోతే ఎలాగండీ?"

"ఇద్దామండీ," అన్నాను. "ఆయన ముక్కులోంచి కూడా రక్తం కారాక ఇద్దాం."