పేట చెప్పడం

మొన్న ఆదివారం మా పేట మొదట్లో కొత్త అపార్ట్‌మెంటుకి పునాది తీస్తున్నారు. తవ్విపోసిన తడి నల్లమట్టి వాసన తగలగానే, అరవైకి దగ్గరపడ్డ నేను మళ్ళీ ఎనిమిదేళ్ళ పిల్లనైపోయాను.

అది కాలవ మట్టి. మెరకంతా ఊరు తీసుకుని మాకు పల్లం మిగిల్చింది. అందుకని ఏటా వేసవిలో కాలవకి నీళ్ళు కట్టేయగానే, మా పేటలో ఆడా మగా చల్లన్నం, మామిడికాయ ముక్కా మూటగట్టుకుని కాలవ అడుక్కి దిగి, పూడిక మట్టి తట్టలకెత్తి, ఒక్కో ఏడు రెండు మూడిళ్ళ నేల మెరక చేసుకుంటూ వచ్చారు.

చలికాలమైతే తంపటి వేసిన తేగలు, ఎండాకాలమైతే ముంజలు చేతిలో పట్టుకుని, ఆదివారం ప్రార్థనయ్యాక పిల్లలం కాలవ గట్టు నుంచి మా ప్రార్థన గుడిదాకా నడుస్తూ, ఒక్కో ఇంటి ముందూ ఆగి అదెవరిదో, దానికి మట్టి మోసిందెవరో పైకి చెప్పేవాళ్ళం. దాన్ని పేట చెప్పడం అనేవారు. ఒక్క ఇల్లు వదిలేసినా ఆ ఇంటికి తట్టెడు మట్టి మొయ్యాలి. వెనకే వచ్చే మా మామ్మకి అక్షరమ్ముక్క రాదు గానీ ఆవిడ దగ్గర మన పప్పులుడకవు.

ఓసారి కరుణమ్మత్త ఇల్లు వదిలేశాను. ఆవిడ పోయింది, పిల్లల్లేరు, గోడలు కూలాయి. ఇల్లే లేదుగా అని వాదించాను.

"గోడ పడిపోద్దే పిల్లా, మోసిన మట్టెక్కడికి పోద్ది?" అంది మామ్మ. జడ మీంచి బురద కారుతుంటే ఆ ఖాళీ దిబ్బకి తట్ట మోశాను. పేటంతా నవ్వింది.

తర్వాత ఊరి పక్క గ్యాస్ తవ్వే పనులొచ్చాయి, రోడ్డు వెడల్పయింది. మా గాలి సోకితే తప్పుకు నడిచినవాళ్ళే మేం మెరక చేసిన నేల కోసం వరసకట్టారు. సగం ఇళ్ళు అమ్ముడయ్యాయి. కాలవకి సిమెంటు గోడలొచ్చాయి, మట్టి మోసే పనే పోయింది. పేట చెప్పడం మాత్రం పోనివ్వలేదు, ఇప్పుడు పిల్లల్ని నడిపిస్తున్నది నేనే.

మొన్న పేట చెబుతూ ఆ పునాది గొయ్యి దాటాక నా మనవరాలు కొంగు పట్టుకు లాగింది. "మామ్మా, మనిల్లు వదిలేసేవు."

నిజమే. ఆ గొయ్యి మా ఇల్లే. అమ్మకం కాగితం మీద సంతకం నాదే. సిగ్గేసింది.

"తట్ట తేనా?" అంది.

తెమ్మన్నాను. గొయ్యి పక్క కుప్పలోంచి నిండా ఎత్తుకున్నాను. కాపలాదారు అడ్డొచ్చి మట్టెక్కడికని అడిగాడు.

"మావోళ్ళు మోసిన మట్టండి, ఇక్కడుంటే లారీకెత్తేస్తారు, గుడికాడికి తీసుకెళ్తన్నాం," అంది అది.

అతను పక్కకి జరిగాడు. మా ఇంటి పేరూ, మోసినవాళ్ళ పేర్లూ పైకి చెప్పి, తట్ట నెత్తిన పెట్టుకుని తర్వాతి ఇంటికి నడిచాను.