కాంటా కాక తీసేసిన బరువు

ఆ రోజుల్లో లోకమంతా ఊపిరి గురించి భయపడుతుంటే నేను నడుము గురించి భయపడ్డాను. (సిగ్గుపడాల్సిన విషయమే, అప్పుడు పడలేదు, ఇప్పుడు పడుతున్నాను.) కరోనాతో సూరత్‌లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. గోడాదరాలోని మా ఒంటిగదిలో అమ్మ వండడం, నేను తినడం తప్ప వేరే పని నడవలేదు. మగ్గాలు మళ్లీ మొదలై ఉధ్నాలో నేను పనిచేసే మగ్గాల షెడ్డుకు బయలుదేరేసరికి నా ప్యాంట్లు ఒక్కటీ నన్ను గుర్తుపట్టలేదు. సరిగ్గా అప్పుడే మామయ్య భేస్తాన్‌లో ఒక సంబంధం చూశాడు. వాళ్లకు పంపిన ఫోటో పాతది, అందులో నేను సన్నగా ఉంటాను. నెలలో పెళ్లిచూపులు. మూతికైతే మాస్కు ఉంది, పొట్టకు మాస్కు ఎక్కడ దొరుకుతుంది? ఆ అమ్మాయి నన్ను చూసి వద్దంటుందని నిజంగానే దిగులు పట్టుకుంది.

అందుకని మూలికల టీ కొన్నాను. అది లోపలికెళ్లి కొవ్వును ఎలా వెతికి పట్టుకుని కరిగిస్తుందో ప్యాకెట్ వెనక బాణం గుర్తులతో బొమ్మ ఉండేది. ఆ బొమ్మ చూపించి షెడ్డులో అందరికీ జీవక్రియ మీద ఉపన్యాసాలిచ్చాను. అమ్మ ఒక్క గుక్క తాగి, "ఏందిరా గిది? మిల్లు నాలల నీళ్ల లెక్కుంది!" అంది.

షెడ్డులో నూలు చుట్టిన ఇనుప బీములు తూచే పెద్దాయనను కాంటా కాక అనేవాళ్లం. ప్రతి శనివారం ఆయన కాంటా ఎక్కేవాణ్ణి. ముల్లు ఆయన వైపే ఉండేది. "కిలోన్నర తగ్గినవ్ బేటా!" అనేవాడు. మరుసటి వారం, "ఇంకో రెండు!" ఆ ధైర్యంతో కొత్త ప్యాంటు నడుము రెండంగుళాలు తగ్గించి కుట్టమన్నాను. (దర్జీ టేపు చూపించి వాదించాడు. నీ టేపు పాతదన్నాను.)

పెళ్లిచూపుల ముందురోజు ఆ ప్యాంటు గుండీ పట్టలేదు. ప్యాంటు పట్టుకుని కాక దగ్గరికి పరుగెత్తాను.

"బీము తూస్తె ఇనుము తీసేసి నూలు వజన్ చెప్తం గద. నీకు గూడ గట్లనే బొక్కల వజన్ తీసేసిన. వారం వారం జర ఎక్కువనే తీసిన," అన్నాడు కాక, నా ఎముకలూ బీము ఇనుమే అన్నట్టు, ఏమాత్రం తొణక్కుండా. "గా కసాయం తాగుకుంట నువ్వు మొకం గట్ల వెట్టుకుంటె నా పానం ఒప్పలె బేటా."

ప్యాంటుకు పిన్నీసు పెట్టుకుని, చొక్కా బయటికి వదిలి, భేస్తాన్ వెళ్లాను. మేడ మీద మాట్లాడుకోమని మమ్మల్ని పంపించారు. అమ్మాయి నన్ను కిందినుంచి పైదాకా చూసి నవ్వింది.

"ఫోటోల మస్తు సన్నగున్నరు. ఏదన్న బీమారున్నదేమో, దాస్తున్నరేమో అని మా అమ్మకు ఒకటే రంది. ఇప్పుడు జూస్తె నిమ్మలమైంది."

సరిగ్గా అప్పుడే పిన్నీసు ఊడి పొడిచింది. నేను పెట్టిన కేక సంతోషంతో పెట్టిందేనని మా ఆవిడ ఇప్పటికీ అనుకుంటోంది. సగం నిజమే.

ఇప్పుడు రోజూ పొద్దున ఆ టీ కాచి ఇచ్చేది ఆవిడే. కాక లేడు, నిరుడు పోయాడు. ఇంట్లో అంకెలు కనబడే కొత్త కాంటా ఉంది. దాని మీద నిలబడ్డప్పుడల్లా కాక మీద బెంగ కలుగుతుంది. పాపం, దీనికి బొక్కలు తీసెయ్యడం రాదు.