పసుపు రాసిన ఎర

శేషమ్మ కోసిన చేపకి నీచు వాసన ఉండదు. పిఠాపురం సంతలో నలభై ఏళ్ళ పాటు జనం అన్న మాట ఇది. ఆమె కూడా అంటూ ఉండేది. ఉన్న మాట అనుకుంటే తప్పేముంది?

ఉప్పాడ ఒడ్డుకు తెల్లవారేసరికి పడవలు వచ్చేవి. మగాళ్ళు పట్టిన చేపల్ని ఇసుకలో కుమ్మరించి, లోకాన్ని ఉద్ధరించి వచ్చినట్టు మొహాలు పెట్టుకుని, ఇళ్ళకు పోయి పడుకునేవాళ్ళు. ఆ పైన చాకిరీ అంతా ఆడవాళ్ళదే. శేషమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని సంతకు పోయి, కత్తిపీట ముందు కూచుని, అడిగినవాళ్ళకి అడిగినట్టు కోసిచ్చేది. పొలుసు గీకి, మొప్పలు పీకి, కడుపు తీసి, రాతి ఉప్పేసి రుద్ది, పసుపు రాసి, ఏడు నీళ్ళు మార్చి కడిగేది. ఆ చేతి శుభ్రానికి పిఠాపురంలో మాస్టార్ల పెళ్ళాలు కూడా క్యూ కట్టేవాళ్ళు.

అలాంటి శేషమ్మ అరవై తొమ్మిదో ఏట న్యూజెర్సీలో, రారిటన్ బే ఒడ్డున, వరసగా నాలుగో శనివారం ఉత్త చేతులతో కూచుని ఉంది.

చీర మీద అల్లుడి పాత జాకెట్టు, కాళ్ళకు కూతురి బూట్లు, ముందు ఇసుకలో గుచ్చిన గొట్టం, ఆ గొట్టంలో నిలబెట్టిన గాలం రాడ్. రాడ్ కొనకు ఒక చిన్న గంట కట్టి ఉంది. చేప పట్టి లాగితే అది మోగాలి. నాలుగు వారాలుగా దాన్ని గాలి తప్ప ఎవరూ మోగించలేదు.

"నీటి కరెంట్ కొంచెం స్ట్రాంగ్‌గా ఉందండీ," అన్నారు పక్క కుర్చీలోంచి మూర్తిగారు. "టెంపరేచర్ కూడా ఇంకో రెండు డిగ్రీలు రావాలి."

"పోయిన వారం చంద్రుడన్నారు. అంతకు ముందు వారం గాలన్నారు. వచ్చే వారం ఎవర్నంటారండీ?" అంది శేషమ్మ.

మూర్తిగారు పుస్తకం తీసి రాసుకున్నారు.

ఎడిసన్‌లో శేషమ్మ కూతురు ఉజ్వల ఇంటికి ఆయనది పక్క గుమ్మం. యాభై ఏళ్ళ కిందట వచ్చి, మందుల కంపెనీలో రసాయనాలు కలిపి కలిపి రిటైరైన మనిషి. ఏటా వసంతంలో ఈ ఒడ్డుకు వచ్చి స్ట్రైప్డ్ బాస్ అనే చారల చేపను పట్టడం ఆయన సరదా. చూడ్డానికి మన పండుగప్పకి ఒంటి నిండా గీతలు గీసినట్టు ఉంటుంది. కిందటేడు ఆయన ఒక చేప తెచ్చి ఉజ్వల ఇంట్లో ఇస్తే శేషమ్మే కోసి పులుసు పెట్టింది. పెడుతూ పెడుతూ ఆమెకొక సంగతి తట్టింది. తను ఇన్ని లక్షల చేపలు కోసింది, ఒక్క చేప కూడా పట్టలేదు.

ఉప్పాడలో ఆడది పడవెక్కదు. ఎక్కడం మాట అటుంచి, వేటకు పోయే పూట వల దాటినా మొగుడు కేకలేసేవాడు. ఆ మొగుడు పోయి పదిహేనేళ్ళయింది. ఇక్కడ దాటడానికి వలా లేదు, కేకలెయ్యడానికి ఎవరూ లేరు. ఒక్కటి, ఒకే ఒక్కటి, నా చేత్తో నేను పట్టాలి అనుకుంది. అనుకుని ఊరుకుంటే బాగుండేది. మరిది అంజయ్యకి ఫోన్లో చెప్పేసింది.

అంజయ్య ఇప్పటికీ వేటకు పోయేవాడే. కానీ ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా అక్కడ సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పడవలన్నిటినీ ఒడ్డున కూచోబెడుతుంది. కూచున్న అంజయ్యకి వలలు బాగుచేసుకోవడం, వదినకి ఫోన్ చెయ్యడం తప్ప పని లేదు. ప్రతి శనివారం చేసేవాడు.

"ఏంటొదినా, పడిందా?"

"పడుద్ది."

"ఎప్పుడు? నేను మళ్ళీ ఏటకెళ్ళే లోపా, ఎళ్ళొచ్చాకా?"

"నీ వల చూసుకోరా ముందు. చిల్లులెక్కువ, తాడు తక్కువ."

"అది కాదొదినా, సేపని పట్టాలంటే సేపకి మనవంటే బయ్యం ఉండకూడదు. నీ కత్తిపీట సంగతి దానికి తెలిసిపోయుంటది. దగ్గరికి రాదు." వెనకాల ఇంకో నలుగురు మగాళ్ళు నవ్వడం వినపడేది. స్పీకర్ పెట్టి మరీ ఎగతాళి చేసేవాడు వెధవ.

కూతురు ఉజ్వలది ఇంకో పోరు. "అమ్మా, స్టోర్‌కి వెళ్తే సాల్మన్ ఫ్రెష్‌గా దొరుకుతుంది కదా. ఈ చలిలో నీకెందుకే?"

"దొరికేది నాకొద్దు," అనేది శేషమ్మ. అంతకంటే వివరంగా చెప్పినా ఆ పిల్లకి అర్థం కాదు.

ఇంతకీ ఎర సంగతి. చారల చేప బంకర్ అనే ఇంకో చేపను తింటుంది. ఆ బంకర్‌ని ముక్కలు కోసి కొక్కేనికి గుచ్చి విసరాలి. చూస్తే అచ్చం పులసకి పినతల్లి కూతురు. అదే వెండి రంగు, అదే నూనె, అవే ముళ్ళు. దాన్ని ఎరగా వాడతారని విన్నప్పుడు శేషమ్మ ప్రాణం ఉసూరుమంది. పైగా మూర్తిగారు దాన్ని కోసే తీరు చూడలేకపోయింది. పొలుసుతో, పేగులతో, నెత్తురు కారుతుండగా డబ్బాలో పడేసి కార్లో పెట్టేవారు. కారు వారం రోజులు కంపు. ఆయన కూతురు అంకిత ఆ కారెక్కడమే మానేసింది.

"ఆ పని నాకొదిలెయ్యండి," అంది శేషమ్మ ఈ ఏడు. ప్రతి శుక్రవారం సాయంత్రం గరాజ్‌లో కత్తిపీట వేసుకుని కూచునేది. పొలుసు గీకి, కడుపు తీసి, తలలు పారేసి, ఉప్పేసి రుద్ది, పసుపు రాసి, ఏడు నీళ్ళు. పట్టుగుడ్డలా ఉండేవి ముక్కలు. మూర్తిగారు డబ్బా మూత తీసి వాసన చూసి, "అద్భుతం! కార్లో అసలు స్మెల్లే లేదు!" అని పొంగిపోయారు.

అంతకు ముందు ఏటా ఏడెనిమిది చేపలు పట్టిన మనిషికి ఈ ఏడు ఒక్కటీ పడలేదు. ఆ సంగతి ఆయన పుస్తకంలో తారీఖులతో సహా ఉంది. దాని ఎదురుగా గాలి, చంద్రుడు, నీటి వేడి అని ఉంది. ముప్ఫై ఏళ్ళు రసాయనాలు కలిపిన బుర్ర!

పోనీ ఒడ్డున ఎవరికీ పడకపోతే సర్దుకోవచ్చు. పాతిక గజాల అవతల ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడ ఉండేది. శేషమ్మ ఈడుదే, శేషమ్మకి రెండింతల మనిషి. ప్రతి శనివారం వచ్చి, పాత బకెట్టు బోర్లించి దాని మీద కూచుని, చేతులు తన ప్యాంటుకే తుడుచుకుంటూ, గంటకొకటి లాగేది. ఆ చేతులు చూస్తే శేషమ్మకి ఒళ్ళు మండేది. శుచీ శుభ్రం లేని మనిషికే పడతాయా చేపలు?

నాలుగో శనివారం కూడా పోటు సగానికి వచ్చేసింది. శేషమ్మ విసుగ్గా గాలం దారం చుట్టి ఎర చూసుకుంది. ముక్క వేసింది వేసినట్టే ఉంది. పీత కూడా కొరకలేదు. దాన్ని పీకి ఇసుకలోకి గిరాటేసింది.

ఒక సీగల్ ఎగిరొచ్చింది. ఆ పిట్టలు ఎలాంటివంటే, మూర్తిగారి శాండ్‌విచ్ ఒక వారం ఆయన చేతిలోంచే లాక్కుపోయాయి. అది ముక్కను ముక్కుతో ఎత్తింది. ఒక్క క్షణం ఆగింది. కింద పడేసింది. తల విదిలించి, రెండడుగులు నడిచి, ఇంకో వైపు చూస్తూ నిలబడింది.

"దీని మొహం మండా!" శేషమ్మ లేచింది. "పిఠాపురంలో కళ్ళకద్దుకుని కొనుక్కున్నారే నా ముక్కని! నువ్వు ఉమ్మేస్తావా?"

పిట్ట కదల్లేదు గానీ ఎర్ర టోపీ ఆవిడ లేచొచ్చింది. వంగి ఆ ముక్క తీసింది. అటూ ఇటూ తిప్పింది. పచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కర్రీ?" అంది.

"నో కర్రీ," అంది శేషమ్మ గడ్డమెత్తి. "క్లీన్. వెరీ క్లీన్."

మూర్తిగారు ఇంగ్లీషులో వివరించారు. ఉప్పు, పసుపు, ఏడు నీళ్ళు. వింటున్న కొద్దీ ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. ఆ పైన పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కూలబడింది. లేచి మూర్తిగారితో ఏదో అంది. మూర్తిగారి మొహం మెల్లగా తెల్లబోయింది.

"ఏంటండీ? ఏమంటది?"

"అంటే... శేషమ్మగారూ... చేప కంటితో చూసి రాదటండీ. నెత్తురూ నూనే నీళ్ళలో కలిస్తే ఆ స్మెల్‌కి వస్తుందట." ఆయన గొంతు తగ్గించారు. "మనం కడిగేసింది అదేనండీ."

"మీకు తెలీదా ఈ ముక్క?"

"థియరీ తెలుసండీ. కారు అంత బావుండేసరికి..."

శేషమ్మకి కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. మూర్తిగారి మీదా, పిట్ట మీదా, ఎర్ర టోపీ మీదా కాసేపు తెచ్చుకుని చూసింది. ఏదీ నిలవలేదు. నలభై ఏళ్ళు ఏ చేతిని చూసుకుని తలెత్తుకు తిరిగిందో, ఆ చెయ్యే నాలుగు వారాలుగా చేపను తరిమేస్తోంది. అంజయ్య నోట అనుకోకుండా నిజమే వచ్చిందన్నమాట. అది మరీ కడుపు మంట.

ఎర్ర టోపీ ఆవిడ తన బకెట్టులోంచి ఒక బంకర్ తల తెచ్చి చాపింది. వెనక పేగులు వేలాడుతున్నాయి. నెత్తురు బొట్లు బొట్లుగా కారుతోంది. శేషమ్మ ఒక్క నిమిషం చూసింది. జాకెట్టు చేతులు పైకి మడిచింది. తల అందుకుని కొక్కేనికి గుచ్చి విసిరింది. అది మూర్తిగారు విసిరేంత దూరంలో సగం కూడా పడలేదు.

"ఇంకొంచెం దూరం నేను వేసిపెట్టనా?" అన్నారాయన.

"ముట్టుకున్నారంటే ఊరుకోను."

పావుగంట కూడా కాలేదు. గంట మోగింది. గాలికి మోగిన మోత కాదని గంటకే తెలిసినట్టు, ఆగకుండా మోగింది. రాడ్ విల్లులా వంగింది.

"లాగొద్దు, లాగొద్దు! కొక్కెం దానంతటదే పడుతుంది! చుట్టండి!" మూర్తిగారు గెంతుతున్నారు.

శేషమ్మ చుట్టింది. చేప వెనక్కి లాక్కుంది. మళ్ళీ చుట్టింది. బూట్లు ఇసుకలో కూరుకుపోయాయి, చెంగు జారి నీళ్ళలో పడింది, భుజం ఊడొచ్చేలా ఉంది. మూర్తిగారు చెయ్యి చాపినప్పుడల్లా, "ఊఁ!" అని ఉరిమింది. చివరికి గజం పొడవు చేప తోక కొట్టుకుంటూ అంచు నీళ్ళలోకి వచ్చింది. వెండి ఒళ్ళు, నల్ల గీతలు. శేషమ్మ మోకాళ్ళ మీద పడి రెండు చేతులతో దాన్ని అదిమింది.

మూర్తిగారు టేపు పెట్టారు. ఎర్ర టోపీ ఆవిడ వంగి చూసి పెదవి విరిచింది.

"ఎంతండీ?" అంది శేషమ్మ రొప్పుతూ.

"ముప్ఫై ఏడు అంగుళాలు."

"అబ్బో!"

"అబ్బో కాదండీ." ఆయన ఏడుపు మొహం పెట్టారు. "ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై ఒకటి లోపు ఉంటేనే మనం ఉంచుకోవాలి. రూల్. ఇది వదిలెయ్యాలి."

"చిన్నదైతే వదలమంటారు. పెద్దదాన్ని వదలమంటారేంటండీ, మతిపోయిందా మీకూ మీ రూలుకీ? నాలుగు వారాలు! నాలుగు వారాల నుంచి ఈ చలిలో గడ్డకట్టుకుపోయి కూచుంటే!"

"పెద్దవన్నీ తల్లి చేపలండీ. గుడ్లు పెట్టడానికి నదిలోకి పోతుంటాయి ఇప్పుడు."

శేషమ్మ బొటనవేలు దానంతటదే చేప పొట్ట మీదికి పోయింది. నలభై ఏళ్ళ వేలు అది, దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. నిండా గుడ్ల జన ఉంది. ఉప్పాడలో పడవలు ఒడ్డున కూచున్నది ఇలాంటి పొట్ట కోసమే.

"నాకే పడాలా ఇది?" అంది. "ఆవిడకి అన్నీ సరైనవి పడతాయి, నాకే గర్భిణి పడాలా?"

అంటూనే కొక్కెం తీసేసింది. మూర్తిగారు ఫోన్ కోసం జేబులు తడుముకుంటున్నారు. "ఒక్క ఫొటో, ఒక్కటి, ఆగండి..."

"ఒళ్ళు ఆరిపోతుందండీ దానికి!" శేషమ్మ దాన్ని ఎత్తుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచింది. తోక దగ్గర పట్టుకుని నీళ్ళలో ఆడించింది. మొప్పలు రెండుసార్లు తెరుచుకున్నాయి. మూడోసారి చేప ఆమె చేతిని విదిలించుకుని, మొహాన నీళ్ళు కొట్టి పోయింది. మూర్తిగారి జేబు జిప్పు అప్పుడు తెరుచుకుంది.

కార్లో కూచున్నాక ఫోన్ మోగింది.

"ఏంటొదినా, పడిందా?"

"పడింది."

"ఏదీ, సూపించు."

"వదిలేశాను."

అవతల నలుగురూ ఒక్కసారి విరగబడ్డారు. "ఇన్నారా? పడిందంట, ఒగ్గేసిందంట! ఎంతుందొదినా, తిమింగలవా?"

"గజం పైన ఉంది. పొట్ట నిండా జన. నువ్వు దేనికోసం కూచున్నావో దానికోసమే వదిలాను. నవ్వుకో."

నవ్వు ఆగింది. స్పీకర్ తీసేసినట్టు చిన్న చప్పుడైంది. అంజయ్య గొంతు దగ్గరగా వచ్చింది.

"మొదట ఎట్టా పట్టిందొదినా? కొరికి ఒదిలి మళ్ళీ అందుకుందా, ఒకే దెబ్బన మింగి లాక్కుపోయిందా?"

పుట్టి బుద్ధెరిగాక ఏ మగాడూ శేషమ్మను ఆ మాట అడగలేదు. ఒడ్డున మగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడిగే మాట అది.

"ఒకే దెబ్బ," అంది. "పోటుకి ఎదురు లాగింది. ముందు కుడికి పోయి, తర్వాత లోతుకి..." చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ రెండో చెయ్యి గాల్లో ఆడిస్తే కారంతా నీచు కంపు.

మూర్తిగారు తన వైపు అద్దం దించారు.

"ఎక్కించండి, చలేస్తుంది," అంది శేషమ్మ ఫోన్ పక్కకి జరిపి. మళ్ళీ ఫోన్లోకి, "ఆఁ, ఏమన్నాను? లోతుకి. అదిగో అక్కడే వచ్చింది చిక్కు. ఆ కాస్తా ఏడంగుళాలు తక్కువుండి చావకూడదా, దరిద్రపుది..."