బంతి లేని ట్రాక్‌బాల్

ఆ ఆదివారం ఉదయం పదకొండున్నరకి ఆ గదిలో ఉన్నవి ఇవి: మంచం మీద మావయ్య. స్టూలు మీద నేను. మా మధ్య చిన్న టేబుల్. దాని మీద పాత వీడియో గేమ్ కన్సోల్ తాలూకు ట్రాక్‌బాల్, దానికి తగిలించిన నాలుగంకెల డిస్‌ప్లే. కరెంటు లేదు, ఫ్యాన్ ఆగి ఉంది. ట్రాక్‌బాల్‌లో ఉండాల్సిన బంతి మాత్రం వంటగదిలో అత్తయ్య చేతిలో ఉంది.

దెయ్యాలు, శకునాలు నేనెప్పుడూ నమ్మలేదు. చదివింది ఎలక్ట్రానిక్స్, ఉద్యోగం మద్దిలపాలెంలో. ఏదైనా వింతగా పనిచేస్తే ముందు సోల్డరింగ్ చూస్తాను. ఇది కూడా అలాగే చూశాను.

మావయ్య అంటే మా మేనత్త భర్త. స్టీల్ ప్లాంట్‌లో ఓవర్‌హెడ్ క్రేన్ ఆపరేటర్. ఆ వేసవిలో పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది, కుడి చెయ్యి రాలేదు. ఇంకో రెండు నెలల్లో కదలిక రాకపోతే ఆశ పెట్టుకోవద్దని డాక్టర్ చెప్పారు.

పాత కన్సోళ్లు కొని బాగుచేయడం నాకు అలవాటు. ఈ ట్రాక్‌బాల్ అలా దొరికిందే. జాయ్‌స్టిక్‌ని పట్టుకోవాలి. దీనికి పట్టు అక్కర్లేదు, నిమ్మకాయ కన్నా కాస్త పెద్ద బంతి మీద అరచెయ్యి ఆనిస్తే చాలు. బంతి దొర్లితే లోపలి రోలర్లు తిరుగుతాయి, సెన్సర్ లెక్కపెడుతుంది. ముందుకు దొర్లిస్తే అంకె పెరుగుతుంది, వెనక్కి దొర్లిస్తే తగ్గుతుంది. స్విచ్ ఆపితే మళ్లీ సున్నా. గేమ్ మావయ్యకి నచ్చలేదు. బొమ్మలు వద్దు, నంబరు చాలన్నారు. అందుకే బ్యాటరీతో నడిచే ఆ డిస్‌ప్లే చేసి సబ్బవరంలో వాళ్లింట్లో పెట్టాను.

రోజూ మధ్యాహ్నం పావుగంట ప్రయత్నించేవారు. తర్వాత అత్తయ్య ఫోన్ చేసి అంకె చెప్పేది, నేను నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. నలభై మూడు రోజులు రాశాను. నలభై మూడు సున్నాలు.

మధ్యలో దసరా వచ్చింది. ఏటా మావయ్య క్రేన్ కేబిన్‌లో హ్యాండిళ్లకి కుంకుమ పెట్టేవారు. ఈ ఏడు ఆయన పనిముట్టు ఇదే కదా అని అత్తయ్య బంతికి బొట్టు పెట్టింది. నున్నటి బంతి మీద కుంకుమ నిలవడం లేదని నూనెతో తడిపి మరీ పెట్టింది. అదంతా రోలర్లకి పట్టేసింది.

శుభ్రం చేద్దామని నేను వెళ్లింది ఆ ఆదివారమే. మావయ్య అక్కర్లేదన్నారు.

“పట్టుకుపో అల్లుడూ. సున్నాలు రాసుకోడానికేటి నువ్వు ఇంజినీరింగు సదివింది?”

నవ్వుతూనే అన్నారు. అని, గోడవైపు తిరిగి పడుకున్నారు. అత్తయ్య ఆయనతో వాదించలేదు. బొట్టు పెట్టినదాన్ని అలాగే మూటకట్టకూడదని చెప్పి, బంతి తీసుకుని వంటగదిలోకి వెళ్లింది. కుళాయి చప్పుడు వినిపిస్తోంది.

నేను రోలర్లు తుడవడం పూర్తిచేసి, చూద్దామని స్విచ్ వేసి, చేతులు గుడ్డకి తుడుచుకుంటున్నాను. డిస్‌ప్లే నావైపు ఉంది. సున్నా ఒకటైంది. నలభై వరకూ పెరిగి ఆగింది. ముప్ఫై నాలుగుకి దిగి, మళ్లీ ఆగింది. రోలర్ల వైపు చూశాను. తిరగడం లేదు.

“బ్రేకు పట్టింది,” అన్నారు మావయ్య, గోడవైపే చూస్తూ. కుడి చెయ్యి దుప్పటి మీద అలాగే ఉంది.

“ఏటి మావయ్యా?”

“ఏటీ లేదు.”

తర్వాత అంకె ఆగకుండా పెరిగింది. కుళాయి ఆగింది, అంకె కూడా ఆగింది. అంకె రాసుకున్నాను. ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. స్విచ్ ఆపాను.

వెళ్లేముందు బంతి లేకుండానే మళ్లీ మళ్లీ పరీక్షించాను. కిటికీ తెరిచి సెన్సర్ మీద ఎండ పడనిస్తే అంకె ఒకటి రెండు అటూ ఇటూ వణికింది. రోలర్లకి మళ్లీ కుంకుమ రాస్తే ఏమీ లేదు. వైరు కదిపితే ఏమీ లేదు. బ్యాటరీ సగం ఊడదీస్తే డిస్‌ప్లే ఆరిపోయింది. అంకె అలా పెరగడం మాత్రం ఒక్కసారీ జరగలేదు. రోలర్లు మళ్లీ తుడిచి, బంతి బిగించి, ఇంకో రెండు వారాలు ఉంచమని మావయ్యని బతిమాలాను.

క్రేన్ మీద బరువెత్తే పద్ధతి ఆ తర్వాతే తెలుసుకున్నాను. ముందు జానెడు ఎత్తి ఆపుతారు. కొంచెం దించి బ్రేకు పడుతుందో లేదో చూస్తారు. పట్టిందనుకున్నాకే పైకి ఎత్తుతారు.

పదకొండో రోజు ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. రోజూ ‘సున్నా’ అని ఫోన్ పెట్టేసే అత్తయ్య ఆ రోజు అంకెతో మొదలుపెట్టలేదు.

“కదిలిందిరా. మీ మావయ్య సెయ్యి కదిలింది.”

అంకె అడిగాను. కళ్లజోడు వెతుక్కుని, ఒక్కో అంకె విడివిడిగా చదివింది.

మావయ్యకి క్రేన్ ఇంకా ఇవ్వలేదు. అన్నం మాత్రం కుడిచేత్తో తింటున్నారు. ఆ ఆదివారం ఏమన్నారో గుర్తుందా అని అడిగితే, నిద్రపోయాననుకుంటానన్నారు. సెన్సర్ లోపమైతే అంకె సరిగ్గా ఆ వరుసలో ఎందుకు పెరిగిందో నాకు తెలియదు. లోపం కాకపోతే అదేమిటో కూడా తెలియదు.

నోట్‌బుక్‌లో ఆదివారం రాసిన అంకె 412. పదకొండు రోజుల తర్వాత అత్తయ్య చదివిన అంకె 412.